వార్డులో కాన్యులా వాపును లెక్కపెట్టడం ఎలా: నర్సులు చేయదగిన ఒక చిన్న పరిశోధన

గుంటూరులో గానీ విజయవాడలో గానీ ఏ మెడికల్ వార్డులోనైనా ఒక పూట నిలబడితే ఈ మాట చెవిన పడకుండా ఉండదు: "సిస్టరుగారూ, సెలైన్ ఎక్కట్లేదండీ." వెళ్ళి చూస్తే చుక్కలు ఆగిపోయి ఉంటాయి. మణికట్టు మీది ప్లాస్టరు చెమటకి తడిసి ఒక అంచు లేచి ఉంటుంది. కాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం) కొస ఉన్నచోట వేలు పెడితే చర్మం వెచ్చగా, కాస్త గట్టిగా తగులుతుంది. దాన్ని తీసేసి రెండో చేతికి కొత్తది పెట్టి ఇంకో బెడ్ దగ్గరికి వెళ్ళిపోతారు. కేసు షీట్లో "కాన్యులా మార్చడమైనది" అన్న ముక్క ఉంటే ఉంటుంది. ఎందుకు మార్చాల్సి వచ్చిందో మాత్రం చాలాసార్లు ఉండదు.

ఈ నరం వాపునే ఫ్లెబైటిస్ అంటాం. రోగికి ఇది నొప్పి, ఇంకో సూదిపోటు, వేళ తప్పిన యాంటీబయాటిక్ డోసు. వారాల తరబడి మందులు ఎక్కించుకోవాల్సిన మనిషికైతే నరాలు ఒక్కొక్కటే అయిపోవడం. కొందరిలో ఆ దారినే సూక్ష్మజీవులు రక్తంలోకి చేరతాయి. కాన్యులా పెట్టడం, కట్టు కట్టడం, మందు కలపడం, ఫ్లష్ చేయడం (సెలైన్ నెట్టి గొట్టాన్ని కడగడం), తీయడం ఎక్కువగా నర్సు చేతిలో జరిగే పనులే. అందుకే నర్సులు సొంతంగా పరిశోధన మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి విషయం దొరకదు. కింద రాసింది స్టాఫ్ నర్సులకీ, థీసిస్ చేయబోతున్న బీఎస్సీ, ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థులకీ.

ముందు ప్రశ్నను బిగించాలి

మన నర్సింగ్ కాలేజీల్లో ఎక్కువగా కనిపించే థీసిస్ ఒకటుంది: ఫలానా విషయం మీద స్టాఫ్ నర్సుల పరిజ్ఞానాన్ని 30 ప్రశ్నలతో కొలవడం, ఒక క్లాసు చెప్పడం, ఏడో రోజున అవే 30 ప్రశ్నలు మళ్ళీ ఇవ్వడం. మార్కులు పెరుగుతాయి. పెరగకపోతేనే వింత. ఆ మార్కులు పెరిగినందువల్ల బెడ్ మీదున్న మనిషి చెయ్యి వాయకుండా ఉందా అన్నది ఆ పరిశోధన చెప్పలేదు, ఎందుకంటే చేతిని ఎవరూ చూడలేదు. రోగి భద్రత మీద పని చేయదలిస్తే కొలత రోగి ఒంటి మీదే ఉండాలి.

కాబట్టి ప్రశ్న ఇలా ఉండాలి: "మా మెడికల్ వార్డులో 18 ఏళ్ళు నిండిన రోగులకు పెట్టిన చేతి కాన్యులాల్లో ఎన్నింటికి, ఎన్ని గంటలకు ఫ్లెబైటిస్ వస్తోంది?" ఎవరు, ఏ కాన్యులా, ఏ ఫలితం, ఎంత కాలం అన్న నాలుగూ ఆ వాక్యంలోనే ఉన్నాయి. పిల్లల్ని ఇందులో కలపకండి. నొప్పి చెప్పలేని పసివాళ్ళకి కింద చెప్పబోయే వాపు స్కోరు సరిపోదు. స్పృహలేని రోగుల్ని తీసుకుంటే వాళ్ళ లెక్క విడిగా ఉంచండి. మెడ దగ్గర పెట్టే సెంట్రల్ లైన్లు అసలు వద్దు.

వాపు అని దేన్ని అంటారో తేల్చుకోండి

ఒక నర్సు "కొంచెం ఎర్రగా ఉంది, పర్లేదు" అన్నదాన్నే ఇంకో నర్సు "తీసేయాలి" అంటుంది. నిర్వచనం లేకుండా లెక్క మొదలుపెడితే చివరికి మిగిలేది ఇద్దరు మనుషుల స్వభావాల్లో తేడా. అందుకోసమే బ్రిటన్‌లో ఆండ్రూ జాక్సన్ అనే నర్సు 1998లో ప్రచురించిన విప్ (విజువల్ ఇన్ఫ్యూజన్ ఫ్లెబైటిస్) స్కోరు వాడతారు. కాన్యులా చోటు మామూలుగా ఉంటే 0. కొద్దిగా నొప్పి, కొద్దిగా ఎరుపు, వీటిలో ఒక్కటి ఉంటే 1, గమనిస్తూ ఉండాలి. నొప్పి, ఎరుపు, వాపు, వీటిలో ఏ రెండు కనిపించినా 2. కాన్యులా తీసి వేరేచోట పెట్టాలి. కాన్యులా దారి పొడవునా నొప్పి, ఎరుపు, చర్మం గట్టిపడటం మూడూ ఉంటే 3. వాటికి తోడు నరం తాడులా చేతికి తగిలితే 4. ఆపైన జ్వరం కూడా ఉంటే 5. మీ అధ్యయనంలో 2, ఆపైన వచ్చినదాన్ని ఫ్లెబైటిస్‌గా లెక్కపెడతామని ప్రొటోకాల్లో ముందే రాసి పెట్టండి. ఫలితాలు చూశాక ఆ గీతను జరపకూడదు.

ఇక్కడ మూడు విషయాలు జాగ్రత్త. మొదటిది ఎరుపు. ఈ స్కోరు పుట్టిన దేశంలో తెల్లటి చర్మం మీద ఎరుపు ఇట్టే కనపడుతుంది. పల్నాడు ఎండలో మిరపకోతలు కోసి వచ్చిన చేతి మీద కనపడదు. కనపడలేదని 0 వేస్తే అసలైన వాపులు లెక్కలోంచి జారిపోతాయి. రెండు చేతుల్నీ పక్కపక్కన పెట్టి కిటికీ వెలుగులో రంగు తేడా చూడండి, వేళ్ళ వెనకభాగంతో వేడి చూడండి, కాన్యులా కొస నుంచి పైకి నరం వెంట ఒక వేలితో మెల్లగా నొక్కుతూ గట్టిదనం చూడండి. "చుట్టూ ఉన్న చర్మం కంటే నల్లబడటం లేదా వేడెక్కడం" అన్న మాటను ఎరుపుతో సమానంగా మీ ఫారంలో చేర్చండి. ఇలా చేర్చిన సంగతి రిపోర్టులోనూ చెప్పండి.

రెండోది నొప్పి. హడావిడిగా వెళ్తున్న నర్సు "నొప్పేమైనా ఉందా?" అంటే పెద్దవాళ్ళు చాలామంది "లేదమ్మా" అనేస్తారు. మందు ఎక్కేటప్పుడు మంటగా ఉందా, సలుపుతోందా, నరం లాగినట్టుందా, నొక్కితే పోటు వస్తోందా అని విడివిడిగా అడగండి. ఈ నాలుగు ప్రశ్నలూ అందరూ ఒకే మాటల్లో అడిగేలా ఫారం మీదే అచ్చువేయించండి.

మూడోది, ప్రతి వాపూ ఫ్లెబైటిస్ కాదు. మందు నరంలోకి కాకుండా పక్క కండలోకి పోతే ఆ చోటు చల్లగా, బిగుతుగా, పాలిపోయినట్టు ఉబ్బుతుంది. అది ఇన్‌ఫిల్ట్రేషన్. ఫ్లెబైటిస్ వెచ్చగా, నరం వెంట ఉంటుంది. రెండింటికీ వేర్వేరు గడులు పెట్టండి. కలిపేస్తే కారణం ఎప్పటికీ తేలదు.

ఇద్దరు చూస్తే ఒకే మాట చెప్తారా?

అసలు పని మొదలుపెట్టే ముందు, చూడబోయే ఇద్దరు నర్సులూ ఒకే 50 కాన్యులాలకు, ఒక్కోదాన్ని ఒకరు చూసిన అరగంట లోపు ఇంకొకరు చూస్తూ, ఒకరి కాగితం ఒకరు చూడకుండా స్కోరు వేయాలి. ఉదాహరణకి ఇద్దరూ "ఉంది" అన్నవి 8, ఇద్దరూ "లేదు" అన్నవి 36, మాట కలవనివి 6, వాటిలో ఒక్కొక్కరు మాత్రమే "ఉంది" అన్నవి మూడేసి అనుకుందాం. 50లో 44 కలిశాయి, 88 శాతం. బాగున్నట్టే ఉంది. కానీ ఎక్కువ చేతులు మామూలుగానే ఉంటాయి కాబట్టి కళ్ళు మూసుకుని "లేదు" అన్నా చాలావరకు కలుస్తాయి. ఆ యాదృచ్ఛికపు వాటాను తీసేసి చూపేదే కప్పా. పై అంకెల్లో ఒక్కొక్కరు "ఉంది" అన్నవి 50లో 11, అంటే 0.22; "లేదు" అన్నవి 0.78. యాదృచ్ఛికంగా కలిసే వాటా 0.22 వర్గం, 0.78 వర్గం కలిపితే దాదాపు 0.66. 0.88లోంచి 0.66 తీసి, 1లోంచి 0.66 తీసినదానితో భాగిస్తే 0.65 వస్తుంది. 0.61 నుంచి 0.80 మధ్య ఉంటే సాధారణంగా మంచి పొత్తు కిందే లెక్క. అంతకంటే తక్కువ వస్తే పరిశోధన మొదలుపెట్టకండి. మాట కలవని ఆ ఆరు చేతుల్నీ ఇద్దరూ కలిసి చూసి ఎక్కడ తేడా వచ్చిందో మాట్లాడుకుని, మళ్ళీ కొత్తగా 50 చూడండి. ఈ రెండు రోజుల పని ఎగ్గొట్టిన అధ్యయనాన్ని నమ్మడం కష్టం.

ఎంతమంది కావాలి?

60 మందిని తీసుకోవడం మన దగ్గర ఆనవాయితీలా అయిపోయింది. 60 మందిలో 18 మందికి వస్తే 30 శాతం అని రాస్తాం. కానీ 60 మంది మీద ఆ లెక్క వేస్తే అసలు రేటు దాదాపు 18 నుంచి 42 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అంత వెడల్పున్న జవాబుతో వార్డు ఏం నిర్ణయించుకోగలదు? వాడుకలో ఉన్న సూత్రం తేలికే: నాలుగును, వస్తుందనుకునే శాతంతోనూ, వందలోంచి దాన్ని తీయగా మిగిలినదానితోనూ గుణించి, ఒప్పుకోగల తేడా వర్గంతో భాగించాలి. 30 శాతం అనుకుని, 5 శాతం తేడాకి ఒప్పుకుంటే 4 × 30 × 70 ÷ 25 = 336. మధ్యలో డిశ్చార్జ్ అయిపోయేవాళ్ళ కోసం పదో వంతు కలిపితే 370. 10 శాతం తేడా చాలనుకుంటే 84, కలిపి 93. మొదటి 30 శాతం ఎక్కడిదని గైడ్ అడుగుతారు. మీ వార్డులోనే ముందుగా చేసిన చిన్న పైలట్ అధ్యయనం నుంచి తీసుకుంటే మంచిది.

ఒకే రోగికి మూడు కాన్యులాలు పెడితే మూడు రోగుల్లా లెక్కపెట్టకండి. నరాలు పాడైన మనిషికి రెండోదీ పాడవుతుంది, అవి ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. విద్యార్థులైతే ప్రతి రోగికీ మొదటి కాన్యులా ఒక్కటే తీసుకోవడం మేలు.

భాగించాల్సిన సంఖ్య

అసలు తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. పై అంకె, అంటే వాచినవి, అందరూ లెక్కపెడతారు. కింది అంకెను అశ్రద్ధ చేస్తారు. రెండు వార్డులు తీసుకుందాం. మొదటి వార్డులో 40 కాన్యులాల్లో 10 వాచాయి, 25 శాతం. రెండో వార్డులో 40లో 8, అంటే 20 శాతం. రెండోదే మెరుగనిపిస్తుంది. అయితే మొదటి వార్డులో ఒక్కో కాన్యులా సగటున నాలుగు రోజులు ఉంది, మొత్తం 160 కాన్యులా-రోజులు. రెండో వార్డులో రెండేసి రోజులే, 80. వెయ్యి కాన్యులా-రోజులకి చూస్తే మొదటిది 62.5, రెండోది 100. మాట తిరగబడింది. కాన్యులా ఉన్న రోజుల లెక్కన రెండో వార్డులోనే ఎక్కువ వేగంగా వాస్తున్నాయి.

కాబట్టి పెట్టిన తేదీ, గంట; తీసిన తేదీ, గంట రెండూ కావాలి. పెట్టిన గంట ప్లాస్టరు మీద పెన్నుతో రాసి ఉంటేనే దొరుకుతుంది. అదే లేకపోతే మీ అధ్యయనంలో మొదటి పని ఆ అలవాటు చేయించడమే. రాత్రి డ్యూటీలో తీసేసినవి ఎక్కువగా లెక్కలోంచి తప్పిపోతాయి, పైగా తప్పిపోయేవి చాలావరకు వాచి తీసేసినవే. అందుకని కాన్యులా ట్రేలో ఒక చిన్న కార్డుల కట్ట ఉంచి, తీసినవాళ్ళు బెడ్ నంబరు, గంట, కారణం మూడే ముక్కలు రాసి డబ్బాలో వేసేలా చూడండి. కార్డు మీద నర్సు పేరుకి చోటు ఉండకూడదు. పేరు అడిగిన రోజున డబ్బా ఖాళీ అవుతుంది.

ఒక పేజీ ఫారం చాలు: వయసు, షుగర్ ఉందా, ఏ చెయ్యి, ఏ చోటు, కీలు మీదా కాదా, గేజి (గొట్టం మందం), ఎక్కడ పెట్టారు (వార్డులోనా, క్యాజువాల్టీలోనా, 108లోనా), ఏ మందులు, డ్యూటీకొకసారి చొప్పున రోజుకు మూడుసార్లు స్కోరు, తీసిన గంట, కారణం. గేజి రంగును బట్టి రాయొచ్చు: 18 ఆకుపచ్చ, 20 గులాబీ, 22 నీలం, 24 పసుపు. కాన్యులా తీశాక కూడా 48 గంటల దాకా వాపు రావచ్చు, కాబట్టి తీసిన చోటుని కూడా ఆ గడువు వరకు చూడాలి. ఫారాన్ని బెడ్ పక్కన నిలబడే నింపాలి. సాయంత్రం హాస్టల్లో కూర్చుని గుర్తు తెచ్చుకుని నింపిన ఫారం పరిశోధన అనిపించుకోదు.

మందుల గడి ఎందుకంటే, అన్ని వాపులూ చేతి శుభ్రత లేకపోవడంవల్లే రావు. చేతి నరం లీటరుకు దాదాపు 900 మిల్లీఆస్మోల్ దాటిన గాఢతను ఓర్చుకోలేదు. నార్మల్ సెలైన్ 308. 25 శాతం డెక్స్‌ట్రోజ్ సుమారు 1260, 20 శాతం మానిటాల్ దాదాపు 1100. ఫెనిటాయిన్ బాగా క్షారం. నార్మల్ సెలైన్లోనే కలపాలి, డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే విరిగి గడ్డకడుతుంది. వాంకోమైసిన్ ఆమ్లం, నిమిషానికి 10 మి.గ్రా. మించకూడదు, అంటే గ్రాముకు 100 నిమిషాలు. అరగంటలో ఎక్కించేసి, వాచింది కాబట్టి కాన్యులా బాగాలేదంటే ఎలా?

అనుమతి, సమ్మతి

సూపరింటెండెంట్ సంతకం వేరు, ఎథిక్స్ కమిటీ అనుమతి వేరు. మొదటిది ఉంటే రెండోది అక్కర్లేదనుకునేవాళ్ళు చాలామంది. మనుషుల మీద చేసే పరిశోధనకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు వర్తిస్తాయి. చూసి రాసుకునే ఇలాంటి తక్కువ ప్రమాదపు పనికి త్వరిత పరిశీలన అడగొచ్చు. రెండు రకాల కట్లను చీటీ తీసి రోగులకు పంచి పోల్చదలిస్తే మాత్రం అది ట్రయల్ అవుతుంది. మొదటి రోగిని చేర్చుకునే ముందే సీటీఆర్ఐలో (దేశంలో జరిగే ట్రయళ్ళ రిజిస్ట్రీలో) నమోదు చేయాలి.

సమ్మతి పత్రం ఇంగ్లీషు నుంచి తర్జుమా చేసి, చదివితే ఎవరికీ అర్థంకాని తెలుగులో ఇవ్వకండి. ఇలా చెబితే చాలు: "మీ చేతికి పెట్టిన సూదిగొట్టం దగ్గర వాపు, నొప్పి వస్తున్నాయేమో రోజుకు మూడుసార్లు చూసి రాసుకుంటామండీ. దీనికోసం వేరే సూది వెయ్యం, రక్తం తియ్యం. మీరు ఒద్దన్నా మీ వైద్యం ఇలాగే జరుగుతుంది. మధ్యలో ఎప్పుడైనా మానుకోవచ్చు." చదవలేనివారు వేలిముద్ర వేస్తే, పరిశోధనతో సంబంధంలేని సాక్షి పక్కన ఉండి సంతకం చేయాలి. అదే వార్డు ఆయా సాక్షి కాదు.

స్కోరు 2 కనిపించాక చూస్తూ ఊరుకోవడానికి పరిశోధకురాలికి హక్కు లేదు. అప్పటికప్పుడు డ్యూటీ నర్సుకు చెప్పి తీయించాలి. దానివల్ల అధ్యయనంలో 3, 4 స్కోర్లు తక్కువ కనపడతాయి. కనపడనివ్వండి.

లెక్క వచ్చాక మార్పు

కనీసం పది పన్నెండు వారాల రేట్లు చేతిలో ఉన్నాక మార్పు మొదలుపెట్టండి. ఒకేసారి పది నియమాలు గోడకి అంటించడం కన్నా, మీ ఫారాలు దేన్ని వేలెత్తి చూపిస్తున్నాయో అదే ముందు. మణికట్టు, మోచేయి మీద పెట్టినవి ఎక్కువగా వాస్తుంటే ముంజేతికి మారండి, మందుకి సరిపడేంత సన్నటి కాన్యులా వాడండి. కట్లు తడుస్తుంటే పారదర్శక కట్టు వాడి, తడిసినా లేచినా వెంటనే మార్చండి. 108లోనో క్యాజువాల్టీలోనో హడావిడిలో పెట్టినవి వాస్తుంటే, వాటిమీద గుర్తు పెట్టి 48 గంటల లోపు మార్చండి.

చర్మం తుడవడాన్ని దగ్గరగా గమనించండి. ఆల్కహాలు కలిసిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో 30 సెకన్లు రుద్ది, దానంతట అదే ఆరనివ్వాలి. ఊదకూడదు, దూదితో అద్దకూడదు. తుడిచాక నరం కోసం మళ్ళీ వేలు పెట్టకూడదు, పెడితే మళ్ళీ మొదటి నుంచి తుడవాలి. మందుకి ముందూ తర్వాతా 5 మి.లీ. నార్మల్ సెలైన్‌ని 10 మి.లీ. సిరంజితో ఆపి ఆపి నెట్టాలి. గట్టిగా అడ్డం తగిలితే బలవంతంగా నెట్టకూడదు. లోపల కట్టిన గడ్డ కదలొచ్చు, నరం చిట్లొచ్చు.

72 గంటలకి తప్పనిసరిగా మార్చాలా అన్న వాదన ప్రతి వార్డులోనూ వస్తుంది. 2012లో ఆస్ట్రేలియాలో 3283 మంది మీద చేసిన ట్రయల్లో, గంటలు చూసి మార్చినవాళ్ళలోనూ, అవసరమైతేనే మార్చినవాళ్ళలోనూ ఫ్లెబైటిస్ 7 శాతమే వచ్చింది. అయితే ఆ ట్రయల్లో కాన్యులాలను రోజూ చూసేవాళ్ళు ఉన్నారు. రోజూ చూడని వార్డు ఆ ఫలితాన్ని అరువు తెచ్చుకోలేదు. చూసే అలవాటు స్థిరపడిన తర్వాతే, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీతో మాట్లాడి గంటల నియమం సడలించండి. అక్కర్లేని కాన్యులాను ఆ పూటే తీసేయడానికి మాత్రం ఎవరి ట్రయలూ అక్కర్లేదు.

వారం వారం రేటును చుక్కలుగా పెట్టి, మార్పుకి ముందు వారాల మధ్యగతం దగ్గర అడ్డగీత గీయండి. మార్పు తర్వాత వరసగా ఆరు చుక్కలు గీతకి ఒకవైపే ఉంటే అది యాదృచ్ఛికం కాదని తీసుకోవచ్చు. ఒకటి రెండు చుక్కలు దిగగానే సంబరం వద్దు. మే నెల చెమటల్లో ముందు లెక్క తీసి, నవంబరులో తర్వాతి లెక్క తీస్తే కట్టు నిలిచింది మీ శిక్షణవల్లో చల్లబడటంవల్లో చెప్పలేరు. వీలైతే మార్పు చేయని పక్క వార్డులో కూడా అవే వారాల్లో లెక్క తీయండి. మొదటి రెండు వారాల చుక్కలు వాడకండి: చూస్తున్నారని తెలిస్తే అందరూ బాగానే పెడతారు, అది కాస్త సద్దుమణగాలి.

ఆ చార్టు నర్సుల గదిలో, హ్యాండోవర్ జరిగే చోట కళ్ళకెదురుగా ఉండాలి. సోమవారం పొద్దున చుక్క పెట్టే పని వంతులవారీగా ఒక్కో స్టాఫ్ నర్సుకి ఇవ్వండి. రేటు పెరిగిన వారం చుక్క పక్కన ఆ వారంలో ఏం జరిగిందో పెన్సిల్‌తో రాయాలి: స్టాకు అయిపోయి మామూలు ప్లాస్టరు వాడారా, ఒక నర్సుకి ముప్పై బెడ్లు పడ్డాయా, కొత్త బ్యాచ్ విద్యార్థులు వచ్చారా. ఇంకో నర్సుని వెయ్యమని అడగడానికి సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్ళినప్పుడు చేతిలో ఉండాల్సిన కాగితం అదే.